వంగపండు రంగుకు తిరిగిన అద్దాలు, వదలని నల్ల పొర: గరివిడి దగ్గర ఒక పాతింటి కేస్ స్టడీ

విజయనగరం జిల్లాలో చీపురుపల్లికీ గరివిడికీ మధ్య, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న పల్లెలో రెండంతస్తుల పాత మేడ అది. గనుల కాంట్రాక్టుల మీద గడించిన డబ్బుతో యజమానిగారి తాతగారు వందేళ్ల పైచిలుకు కిందట కట్టించారు. పై అంతస్తులో అన్నీ టేకు కిటికీలే. రెక్కలకు మామూలు తెల్ల అద్దాలు, పైన అర్ధచంద్రాకారపు వెంటిలేటర్లలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుటద్దాలు.

యజమాని రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఫిర్యాదులు రెండు. తెల్ల అద్దాలు కొన్ని లేత వంగపండు రంగుకు తిరిగాయి. అన్ని అద్దాల మీదా ముదురు గోధుమరంగు పొర పట్టి, సబ్బునీళ్లకు పోవడం లేదు. రెండింటికీ కారణం ఒకటేనని ఆయన అప్పటికే తేల్చేసుకున్నారు. దగ్గర్లోని, మాంగనీసు ఖనిజాన్ని కరిగించి ఉక్కులో కలిపే మిశ్రలోహం చేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ మీద ఊరివాళ్లు పెట్టబోయే అర్జీలో ఆ మాట రాసి, దానికి తోడుగా నా రిపోర్టు కావాలన్నారు.

"సుట్టూ మాంగనీసే కదండీ బాబూ. పొగలోది గాజులోకి దిగిపోనాది. మీరు కాయితం మీద రాసిస్తే సాలు."

నేను కొన్నేళ్లు ఇలాంటి ఫ్యాక్టరీ ల్యాబులోనే ఖనిజంలో మాంగనీసు శాతం తేల్చే పని చేసి, తర్వాత పాతిళ్ల కిటికీలు, తలుపులు బాగుచేయించే పనిలోకి వచ్చినవాణ్ణి. అందుకే నన్ను పిలిచారు. ఆయన అనుమానం గాలిలోంచి పుట్టిందేమీ కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది ఈ జిల్లాలోనే. 1909లో వచ్చిన మాంగనీసు నిక్షేపాల గ్రంథం రాసిన ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి కోడూరు పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. గర్భాం, గరివిడి చుట్టుపక్కల చెప్పుల కింద నల్లమట్టి కనిపిస్తే అది బొగ్గు అనుకునేవాడు ఉండడు. ఇన్ని ఉన్నా, చూడకుండా సంతకం పెట్టలేనన్నాను.

ముందు అద్దాల పటం గీశాం

ఇలాంటి కేసుల్లో కెమికల్ బాటిల్ తీయడానికి ముందు పెన్సిల్ తీయాలి. ఇంటి నాలుగు వైపుల బొమ్మ గీసి, ఒక్కో అద్దానికి నంబరు వేసి, ఊదా రంగు ఎంత, పొర ఎంత అని విడివిడిగా గుర్తులు పెట్టాం. యజమానిగారి మనవడు ఇంటర్ చదువుతున్నాడు, గీతలన్నీ వాడే గీశాడు.

పటం పూర్తయ్యేసరికే సగం సంగతి తేలిపోయింది. వంగపండు రంగు పడమర, దక్షిణం వైపు పై అంతస్తు అద్దాల్లోనే ఉంది. ఉత్తరం వైపు వసారా చూరు కింద ఉన్న అద్దాలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. పొర తీరు వేరు. అది నాలుగు వైపులా ఉంది, పైగా వానజల్లు తగలని చోటే ఎక్కువ. చూరు కింద, వెంటిలేటరు లోపలి మూలల్లో, గట్ల మీద మందంగా పేరుకుంది. జల్లు కొట్టే పడమటి అద్దాల మీద పలచగా ఉంది. ఒకటి ఎండను బట్టి నడుస్తోంది, ఇంకోటి వాన తగలని చోటు వెతుక్కుంటోంది. రెండింటికీ మూలం ఒకటే అయితే రెండూ ఒకే చోట ముదరాలి. ఇక్కడ ఉత్తరపు అద్దాలకు పొర దట్టంగా ఉండి ఊదా రంగు అసలే లేదు.

పడమటి కిటికీలో అప్పటికే మూల విరిగిన అద్దం ఒకటి ఉంటే దాన్ని ఊడదీయించాను. పాత లప్పం రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది, ఉలి పెట్టి కొడితే అద్దం పగులుతుంది. వడ్రంగి మేస్త్రి హాట్ ఎయిర్ గన్‌తో మెల్లగా వేడి చేసి, పాత హ్యాక్‌సా బ్లేడుతో కొంచెం కొంచెంగా గీకాడు. అద్దం చేతికొచ్చాక తెల్లకాగితం మీద పెట్టి చూస్తే చుట్టూ పావంగుళం వెడల్పున ఒక అంచు. చట్రం గాడిలో, లప్పం కింద ఉన్న ఆ అంచు తెల్లగా, కొద్దిపాటి ఆకుపచ్చ ఛాయతో ఉంది. దాని లోపలి భాగమంతా ఊదా. పక్కకు తిప్పి విరిగిన అంచులోంచి చూస్తే ఆ ఊదా ఒక ముఖం మీద పూసిన పూత కాదు, అద్దం మందమంతా సమానంగా ఉంది.

ఇదొక్కటీ చూపిస్తే చాలు. పొగలోని మాంగనీసు గాజులోకి దిగి ఉంటే బయటి ముఖం ముదురుగా, లోపలి ముఖం లేతగా ఉండాలి. అసలు మామూలు వాతావరణపు వేడిలో లోహపు అణువులు గాజులోకి అలా చొరబడవు. గాజుకు పసుపు రంగు ఎక్కించడానికి వెండి లవణం పూసే పాత పద్ధతి ఒకటుంది. దానికి కూడా కొలిమిలో 600 డిగ్రీల చుట్టుపక్కల కాల్చాలి. మన ఊరి ఎండ ఎంత మండినా ఆ పని జరగదు.

రంగు తెచ్చింది ఎండ, ఇచ్చింది గాజు చేసినవాడు

అయితే ఆ ఊదా రంగు కూడా మాంగనీసుదే. ఈ కేసులో యజమానిగారికి నమ్మకం కుదరడానికి ఎక్కువ సేపు పట్టింది ఇక్కడే.

గాజుకు వాడే ఇసుకలో ఎంతో కొంత ఇనుము ఉంటుంది. అది గాజుకు సీసా ఆకుపచ్చ తెస్తుంది. ఆ ఛాయను పోగొట్టడానికి పాతకాలపు గాజు పనివాళ్లు కరిగే ముద్దలో కొంచెం మాంగనీసు డయాక్సైడ్ కలిపేవాళ్లు. అది రెండు పనులు చేస్తుంది. ఇనుమును ఆక్సీకరించి, నీలాకుపచ్చ రూపం నుంచి లేత పసుపు రూపానికి మారుస్తుంది. మిగిలిన పసుపును తన ఊదాతో సరిపెడుతుంది. రెండు రంగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే కంటికి తెల్లగా కనిపిస్తుంది. పాళ్లు సరిగ్గా కుదిరిన గాజులో మాంగనీసు ఎక్కువ భాగం రెండు ఎలక్ట్రాన్లు వదులుకున్న రూపంలో ఉంటుంది, దానికి దాదాపు రంగే ఉండదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎండ పడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణం ఆ మాంగనీసు నుంచి ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. దాన్ని పక్కనున్న ఇనుము పట్టుకుంటుంది. మూడు ఎలక్ట్రాన్లు పోయిన మాంగనీసు చిక్కటి ఊదా. రవ్వంత ఉన్నా కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1820లలోనే కిటికీ అద్దాలు ఎండకు ఇలా తిరగడం గమనించి రాశాడు. అప్పటికి మన జిల్లాలో మాంగనీసు తవ్విన గొయ్యి ఒక్కటి కూడా లేదు, ఫెర్రో అల్లాయ్స్ అన్న మాటే ఎవరూ ఎరగరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గాజు ఫ్యాక్టరీలు చాలావరకు మాంగనీసు మాని సెలీనియం వైపు వెళ్లాయి. అందుకే తర్వాతి కాలపు అద్దాల్లో ఈ ఊదా అంతగా కనిపించదు. ఒక రకంగా ఆ రంగు ఇంటి వయసుకు సాక్ష్యం.

హెడ్మాస్టరుగారు సైన్సు చెప్పినవారే అయినా, "మాటలు బాగానే ఉన్నాయి గానీ, సూపించండి మరి" అన్నారు. అడగాల్సిన మాటే. రెండు ముక్కలు తీసుకున్నాను. ఒకటి విరిగిన మూలలోంచి, శుభ్రంగా తుడిచిన ఊదా ముక్క, ఇంకోటి ఉత్తరపు కిటికీలోని పగిలిన తెల్ల అద్దం నుంచి, పొర అలాగే ఉంచినది. టౌనులో తెలిసిన డెంటల్ ల్యాబులో పళ్ల సెట్లు కాల్చే చిన్న మఫిల్ ఫర్నేస్ ఉంది. రెండు ముక్కల్నీ అందులో పెట్టి 500 డిగ్రీల దాకా మెల్లగా వేడెక్కించి, మూత తీయకుండా చల్లారనిచ్చాం. ఊదా ముక్క తెల్లగా బయటికొచ్చింది, లప్పం కింద ఉన్న అంచులాగే లేత ఆకుపచ్చ ఛాయతో. వేడికి ఎలక్ట్రాన్ మళ్లీ తన చోటికి చేరుకుంది. రెండో ముక్క మీద గోధుమ పొర ఉన్నది ఉన్నట్టే ఉంది. రెండు ముక్కల్నీ ఆయన అగ్గిపెట్టెలో పెట్టుకుని ఊళ్లో అందరికీ చూపించారని మనవడు చెప్పాడు.

వెంటిలేటరు రంగుటద్దాల గురించి కూడా అడిగారు. వాటి రంగు ఏమీ మారలేదు. నీలం కోబాల్టు ఆక్సైడ్‌ది. వెయ్యో వంతు ఉన్నా చాలు, గాజు గాఢ నీలం అవుతుంది, ఎండకు వెలవదు. ఆకుపచ్చకు సాధారణంగా క్రోమియం, ఇనుము, రాగి ఆక్సైడ్లు వాడతారు. తేనెరంగు పసుపు కథ వేరు. అక్కడ ఇనుము, గంధకం, బొగ్గు కలిసి పనిచేస్తాయి, ఒక్క ఆక్సైడ్‌కు ఆ పేరు కట్టలేం. ఎరుపు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఈ ఇంటి ఎర్ర అద్దాలు అంచులోంచి చూస్తే మందమంతా ఎరుపు కాదు. తెల్ల గాజు మీద ఒక పక్కన మాత్రం ఎర్ర గాజు పలచటి తోలులా పరిచి ఉంది. రాగితో చేసే ఎరుపు ముద్దమొత్తం వేస్తే నల్లగా కనిపించేంత చిక్కగా వస్తుంది, అందుకని అలా పరుస్తారు. ఇదివరకు ఎవరో ఈ అద్దాల్ని ఎమిరీ కాగితంతో రుద్దినట్టున్నారు. ఎర్ర తోలు గీసుకుపోయి తెల్లచారలు పడ్డాయి. వాటిని బాగుచేసే దారి లేదు. రంగుటద్దం ఏదైనా అంచు చూడకుండా రుద్దొద్దని నేను మేస్త్రీలందరికీ చెప్పేది అందుకే.

పొర సంగతి

పొర మాత్రం బయటినుంచి వచ్చిందే. దాని మొదటి పరీక్ష నేను చేసింది కూడా కాదు. నేను వెళ్లకముందే ఒక పెయింటరు గట్ల మీద పేరుకున్న నల్లదుమ్ము వదలడం లేదని బాత్రూం కడిగే ఆసిడ్ పోశాడట. ఘాటుకు దగ్గొచ్చి అందరూ కిందికి పరుగెత్తారని కోడలు చెప్పింది. ఎలాంటి వాసన అని అడిగితే, బ్లీచింగ్ పౌడర్ వాసన అంది. అంతకుముందు అక్కడ బ్లీచింగ్ ఏమైనా చల్లారా అంటే లేదంది.

హైడ్రోక్లోరిక్ ఆసిడ్ మాంగనీసు డయాక్సైడ్ మీద పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 1774లో షీలే క్లోరిన్‌ను మొదటిసారి తయారుచేసింది ఇలాగే. తుప్పు మీదో ఎర్రమట్టి మీదో పోస్తే ఆ గ్యాస్ రాదు. మాంగనీసు ప్రాంతంలో ఇల్లు కడిగేవాళ్లు ఎవరైనా సరే గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. తలుపులు వేసిన గదిలో అయితే టెన్షన్ పడాల్సినంత ప్రమాదం. ఆ పెయింటరు అదృష్టం కొద్దీ కిటికీ తెరిచి ఉంది. పోయింది ఇనుప గొళ్లేలు, రెండు బందులు, అంతే.

వాసన మీద రిపోర్టు రాయలేం కాబట్టి మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెప్పించాను. మాంగనీసు డయాక్సైడ్ తగిలితే అది నురగలు కక్కుతుంది. పొర మీద ఒక చుక్క వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. పోల్చి చూడటానికి రోడ్డు పక్క ఎర్రమట్టి మీద వేస్తే ఏవో నాలుగు బుడగలు. ఒక జాగ్రత్త ఉంది. పాత లప్పంలో సీసపు సింధూరం కలిపే అలవాటు ఉండేది, సీసం ఆక్సైడ్లు కూడా ఈ పరీక్షను తప్పుదోవ పట్టించగలవు. అందుకే అద్దం నడిమధ్య నుంచే శాంపిల్ తీశాను. ఖాయం చేసుకోవడానికి, గీకిన పొడిని నైట్రిక్ ఆసిడ్‌లో రెండు చుక్కల పెరాక్సైడ్ వేసి కరిగించి, కాచి చల్లార్చి, చిటికెడు సోడియం బిస్మతేట్ వేశాను. మాంగనీసు ఉంటే వచ్చే పర్మాంగనేట్ ఊదా వెంటనే తేలింది. ల్యాబులో రోజూ చూసిన రంగే, పొరబడే ప్రశ్న లేదు.

కాబట్టి పొరలో మాంగనీసు ఉంది. మరి అది ఫ్యాక్టరీ పొగదేనా? ఇక్కడ ఊరివాళ్లకీ నాకూ కొంచెం మాటా మాటా వచ్చింది.

ఫర్నేస్ నుంచి వచ్చేదీ, రోడ్డు మీద లేచేదీ ఒకటి కాదు. ఫ్యాక్టరీలోని ఆర్క్ ఫర్నేస్ అనే కరెంటు కొలిమిలో వేడికి మాంగనీసు కొంత ఆవిరై, గాలి తగలగానే ఆక్సైడ్ అయి, మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొంత భాగమే ఉండే రేణువులుగా గడ్డకడుతుంది. కరిగిన లోహాన్ని బయటికి వదిలే ట్యాపింగ్ వేళ లేచే గోధుమరంగు పొగ అదే. ఫ్యాక్టరీలో పొగను వడకట్టే గుడ్డ సంచుల బ్యాగ్ ఫిల్టర్లు పట్టాల్సింది దాన్నే. ఖనిజం దంచేటప్పుడు, లారీల్లో పోసేటప్పుడు, రోడ్డు మీద ఒలికి టైర్ల కింద నలిగేటప్పుడు లేచే దుమ్ము ముతక. పది మైక్రాన్ల ఖనిజపు రేణువు గాలి కదలని చోట సెకనుకు సెంటీమీటరున్నర వేగంతో కిందికి దిగుతుంది. పొగలోని 0.3 మైక్రాన్ రేణువుకు ఒక్క మీటరు దిగడానికే సగం రోజు పడుతుంది, ఈలోగా గాలి దాన్ని ఎక్కడికో మోసుకుపోతుంది. గట్టు మీద వేలితో తీయగలిగినంత పేరుకుందంటే అందులో ఎక్కువ భాగం ముతక దుమ్మే అయి ఉండాలి.

మేడ డాబా నాలుగు మూలలా వాజలీన్ పలచగా రాసిన గాజు స్లైడ్లు పెట్టించి, వాన లేని రోజుల్లో ఉంచి, కాలేజీ మైక్రోస్కోపులో చూశాం. రోడ్డు వైపు స్లైడు మీద కోసుగా విరిగిన, మెరిసే నల్లరవ్వలు, ఎర్రమట్టి దండిగా ఉన్నాయి. మిగతా మూడింటిమీద అవే, కానీ బాగా పలచన. అంటే గట్టు మీది నలుపులో పెద్ద వాటా టార్పాలిన్ కప్పకుండా వెళ్లే ఖనిజం లారీలది.

ఈ మాట చెప్పేసరికి ఊరి కుర్రాళ్లు నేను ఫ్యాక్టరీ తరఫున మాట్లాడుతున్నాననుకున్నారు. నిజానికి సంగతి అందుకు ఉల్టా. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేది అద్దం మీద కనిపించే ఈ దుమ్ము కాదు, కనిపించని ఆ సన్న పొగ. మాంగనీసు ఎక్కువగా పీలిస్తే నరాల మీద దెబ్బ పడుతుందని, నడక, మాట తడబడతాయని 1837లోనే స్కాట్లాండ్‌లో జాన్ కూపర్ అనే డాక్టరు ఖనిజం నూరే కూలీల్లో చూసి రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ మార్గదర్శకాల్లో గాలిలో మాంగనీసు ఏడాది సగటు ఘనపు మీటరుకు 0.15 మైక్రోగ్రాములు దాటకూడదని ఉంది. మన దేశపు 2009 గాలి నాణ్యతా ప్రమాణాల పట్టికలో పన్నెండు పదార్థాలున్నాయి. సీసం ఉంది, ఆర్సెనిక్ ఉంది, నికెల్ ఉంది, మాంగనీసు లేదు. అంటే మామూలుగా దుమ్ము కొలిచి, లెక్క పరిమితిలోనే ఉందని చెప్పినా అందులో మాంగనీసు ఎంతో ఎవరికీ తెలియదు. మన జిల్లాకు ఇది చిన్న లోటు కాదని నా అభిప్రాయం. అద్దం రంగు పట్టుకుని వాదిస్తే ఈ అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

చేసిన పని

పొడి చీపురు, పొడి గుడ్డ పూర్తిగా ఆపేయించాను. దులిపితే దుమ్ము గాలిలోకే పోతుంది. మాస్కులు పెట్టుకుని, మెత్తటి బ్రష్ ఒక చేత, సన్న దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ ఇంకో చేత పట్టుకుని ముతక దుమ్ము తీశారు. తర్వాత నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్ సోప్. మిగిలిన పొరకు రెండు శాతం విటమిన్ సి ద్రావణంలో తడిపిన టిష్యూ కాగితం అతికించి కొన్ని నిమిషాలు ఉంచాం. విటమిన్ సి మాంగనీసు ఆక్సైడ్‌ను నీళ్లలో కరిగే రూపానికి దించేస్తుంది. గోధుమ రంగు కళ్లముందే మాయమైంది. ఆక్సాలిక్ ఆసిడ్ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది గానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో నేను వాడించను. లప్పంలో సీసం ఉండొచ్చు కాబట్టి అంచు నుంచి అరంగుళం వదిలేశాం, అక్కడ తడిగుడ్డతోనే సరి. తుడిచిన టిష్యూలు కాల్చకుండా మూటకట్టి విడిగా పెట్టించాను.

కొన్ని అద్దాల మీద పొర పోయాక కింద తెల్లటి మచ్చలు బయటపడ్డాయి. ఏటేటా గోడలకు సున్నం కొట్టినప్పుడు పడిన చుక్కలు, వాటి మీద పేరుకున్న మంచు తడి కలిసి గాజును తినేశాయి. సున్నం క్షారం. ఆసిడ్‌కు తట్టుకునే గాజు క్షారానికి తట్టుకోదు. వాటినలాగే వదిలేశాం.

ఊదా అద్దాలన్నీ తీసేసి కొత్తవి వేయించాలని హెడ్మాస్టరుగారి మొదటి ఆలోచన. నేను వద్దన్నాను. కొలిమిలో పెడితే రంగు పోతుంది నిజమే గానీ, అంత పెద్ద అద్దం పగలకుండా కాల్చి తీయడం మాటలు కాదు, ఎండలో మళ్లీ పెడితే మళ్లీ తిరుగుతుంది. కొత్త ఫ్లోట్ గ్లాస్ మరీ చదునుగా, పాతవాటి అలల మధ్య అతుకులా కనిపిస్తుంది. పడమటి పగిలిన అద్దం స్థానంలో ఉత్తరపు కిటికీ నుంచి పాత తెల్ల అద్దం ఒకటి తెచ్చి బిగించాం. కొత్త గాజు చూరు కింద, ఉత్తరం వైపు వేశాం. పడమటికి మారిన ఆ తెల్ల అద్దం కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఊదాకు తిరుగుతుంది.

రిపోర్టులో రెండు భాగాలు విడివిడిగా రాశాను. ఊదా రంగుకూ ఫ్యాక్టరీకీ సంబంధం లేదని ఒకటి. పొరలో మాంగనీసు ఉందని, అందులో ఎక్కువ భాగం ఖనిజపు ముతక దుమ్మని, సన్న పొగను ఈ పద్ధతిలో కొలవలేమని రెండోది. హెడ్మాస్టరుగారు అర్జీలో అద్దాల రంగు పేరా కొట్టేసి, దాని చోట మూడు అడిగారు. ఖనిజం లారీలకు టార్పాలిన్ తప్పనిసరి చేయాలి. ఊరి పక్క రోడ్డు మీద ఒలికిన ఖనిజాన్ని ఊడ్చకుండా తడిపి ఎత్తించాలి. ఊళ్లో పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు సన్న దుమ్ము, కొలిచే ఫిల్టరు కాగితాల్లో మాంగనీసు కూడా తేల్చి, ఆ అంకె పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి.